ఎద్దు వెనుక కాలు వెనక్కి వంగేది మోకాలి దగ్గరేనా?

ఒంగోలు గిత్త

సభ్యులందరికీ నమస్కారం. బండలాగుడు పోటీలు చూసేవారికి తెలిసిన విషయమే: బండ కదలబోయే ముందు గిత్త బరువంతా వెనుక కాళ్ల మీదికి తెచ్చుకొని, గిట్టలను నేలలో గట్టిగా ఊని, కాలి నడుమనున్న కీలును ఒక్కసారిగా చాపుతుంది. ఆ కీలు వెనక్కి పొడుచుకొని ఉంటుంది. మన మోకాలేమో ముందుకు పొడుచుకొని ఉంటుంది. మా ఊరి పెద్దలు దానిని వెనుక మోకాలనే అంటారు. మనిషికి ఒక వైపూ పశువుకు మరొక వైపూ మోకాలు వంగడానికి కారణమేమిటి? రెండింటి ఎముకల అమరికే వేరా? తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

ఆత్మకూరు పశువైద్యురాలు

మీరు చెప్పిన కీలు మోకాలు కాదండీ, చీలమండ. అసలు మోకాలు అంతకంటే చాలా పైన ఉంటుంది. నెమ్మదస్తురాలైన ఆవు పక్కన నిలబడి, డొక్క దిగువన పొట్ట చర్మం తొడను కలిసే మడత దగ్గర అరచేయి ఆనించి చూడండి. చర్మం కింద గట్టిగా, గుండ్రంగా ఒక ఎముక చేతికి తగులుతుంది. అదే మోకాలి చిప్ప. ఆవు ఒక అడుగు వేస్తే ఆ కీలు మన మోకాలిలాగే ముందుకు వంగడం తెలుస్తుంది. తొడ ఎముక పొట్టిగా ఉండి కండల మధ్య, శరీరాన్ని అంటిపెట్టుకొని ఉంటుంది కనుక బయటికి కాలులాగా కనిపించదు.

ఇక వెనక్కి పొడుచుకొని ఉండే మొన మడమ ఎముక. మన పిక్క నుంచి మడమకు దిగే దళసరి స్నాయువు ఎక్కడ అంటుకొని ఉంటుందో, పశువుకు కూడా సరిగ్గా అక్కడే అంటుకొని ఉంటుంది. చీలమండ పైన రెండు వేళ్లతో పట్టుకుంటే బిగించిన తాడులా దొరుకుతుంది. చీలమండ నుంచి గిట్టల దాకా దిగే పొడవాటి ఒంటి ఎముక మన పాదంలో చీలమండకూ వేళ్లకూ నడుమనుండే ఎముకలకు సాటి. మనకు అవి అయిదు. పశువుకు మూడవదీ నాలుగవదీ పిండదశలో విడివిడిగా ఏర్పడి, తరువాత అతుక్కొని ఒకటవుతాయి. ఆ అతుకు జాడ పెద్ద పశువు ఎముకకు ముందువైపున నిలువు గాడిగా మిగిలి ఉంటుంది, కింది కొసన మాత్రం రెండు గుబ్బలు విడిగానే ఉంటాయి. వాటికి రెండు వేళ్లు, ఒక్కొక్క వేలికి మూడేసి ఎముకలు. చివరి ఎముకను కప్పి ఉంచే గోరే గిట్ట. గిట్టలకు కొంచెం పైన, వెనుకగా వేలాడే రెండు చిన్న గిట్టలు రెండవ, అయిదవ వేళ్ల శేషాలు. మన కాలి బొటనవేలికి సాటి అయినది పశువుకు బొత్తిగా లేదు.

అంటే పశువు ఎల్లప్పుడూ వేళ్ల కొసల మీద, ఇంకా చెప్పాలంటే గోళ్ల మీద నిలబడి ఉంటుంది. కుక్క, పిల్లి వేళ్ల మీద నడుస్తాయి. మనిషీ ఎలుగుబంటీ మడమ ఆనించి నడుస్తారు. మడమ పైకి లేచినకొద్దీ కాలు పొడవవుతుంది, అంగ పెరుగుతుంది. బరువైన కండలన్నీ తొడ దగ్గర ఉండి, కింది భాగంలో ఎముకా స్నాయువులూ మాత్రమే ఉంటే, కాలిని ముందుకూ వెనక్కూ ఊపడానికి తక్కువ శక్తి సరిపోతుంది.

ముందు కాలి విషయం కూడా చెబుతాను. అక్కడ రైతులు మోకాలనే కీలు నిజానికి మణికట్టు. మోచేయి పైన, రొమ్ము పక్కన ఉంటుంది. మనకు మెడ కింద అడ్డంగా ఉండే జత్రుక (కాలర్ బోన్) పశువుకు లేదు కనుక ముందు కాలికీ మొండేనికీ నడుమ ఎముకల కీలే లేదు. ముందు భాగం బరువంతా కండరాల మీదే వేలాడుతుంది.

పులికాట్ పక్షి ప్రియుడు

పక్షులకూ ఇదే వర్తిస్తుంది. శీతకాలంలో పులికాట్ సరస్సుకు వచ్చే రాజహంసల పొడవాటి కాలు నడుమ వెనక్కి వంగే కీలు చీలమండే. మోకాలు ఈకల లోపల, పొట్టకు ఆనుకొని ఉంటుంది. నాటుకోడిని కోసేటప్పుడు చూస్తే ఇంకా సులభంగా అర్థమవుతుంది: పొలుసులున్న సన్నటి భాగం పాదం ఎముకలు కలిసి ఏర్పడినది, కండ పట్టిన లెగ్ పీసు మోకాలి కింది భాగం, దానికి పైనున్నది తొడ.

ఒంగోలు గిత్త

అమ్మా, ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. ఇప్పుడు మరొక సందేహం. మనిషికీ ఎద్దుకూ రాజహంసకూ అవే ఎముకలు అదే వరుసలో ఉన్నాయంటే అది నిజంగా వంశపారంపర్యమేనా, లేక నేల మీద నడవవలసిన జంతువులన్నింటికీ అవసరం ఒకటే కాబట్టి కాళ్లు ఒకే తీరుగా తయారయ్యాయా? గుర్రానికి ఒక్క గిట్ట, ఎద్దుకు రెండు. రెండూ గిట్టల జంతువులే కనుక దగ్గరి బంధువులని అనుకోవచ్చునా?

కావలి విశ్రాంత అధ్యాపకుడు

గిత్త గారి ప్రశ్న జంతుశాస్త్రంలో చాలా పాతది, చాలా విలువైనది. 1555లోనే ఫ్రాన్సు దేశస్థుడు పియర్ బెలోన్ మనిషి అస్థిపంజరాన్నీ పక్షి అస్థిపంజరాన్నీ పక్కపక్కన బొమ్మలుగా వేయించి, ఏ ఎముకకు ఏది సాటియో అక్షరాలతో గుర్తించాడు. ఆ పోలికకు పేరూ నియమమూ ఏర్పడడానికి దాదాపు మూడు వందల ఏళ్లు పట్టింది. 1843లో రిచర్డ్ ఓవెన్ రెండు రకాల పోలికలను విడదీశాడు. పని వేరైనా అమరిక ఒకటైన అవయవాలు ఒక రకం, అమరిక వేరైనా పని ఒకటైనవి మరొక రకం. మన పదవ తరగతి పుస్తకంలో వీటినే నిర్మాణసామ్య అవయవాలనీ క్రియాసామ్య అవయవాలనీ అంటారు. ఓవెన్ ఆ అమరికను ఒక ఆదర్శ నమూనాగా భావించాడు. 1859లో డార్విన్ దానికి చరిత్రను జోడించాడు: పట్టుకొనే మనిషి చేయి, మట్టి తవ్వే మోల్ అనే చిన్న జంతువు చేయి, పరుగెత్తే గుర్రం కాలు, ఈదే పార్పాయిస్ (డాల్ఫిన్ వంటి జంతువు) తెడ్డు, ఎగిరే గబ్బిలం రెక్క ఒకే క్రమంలో ఒకే ఎముకలతో ఉండడానికి ఉమ్మడి పూర్వికుడే కారణమన్నాడు.

అవసరం ఒకటే కాబట్టి పోలిక వచ్చిందనే వాదానికి ఈ జాబితాయే సమాధానం. తవ్వడానికీ ఎగరడానికీ అవసరం ఒకటి కాదు. పైన ఒక ఎముక, దాని కింద రెండు, ఆపైన చిన్న ఎముకల గుంపు, చివర వేళ్లు అనే ఈ క్రమం నేల మీద నడక మొదలవకముందే నీటిలో మొదలైంది. కెనడా ఉత్తర భాగాన ఉన్న ఎల్స్‌మియర్ దీవిలో 2004లో దొరికి, 2006లో ప్రకటించిన టిక్టాలిక్ అనే 37.5 కోట్ల ఏళ్ల నాటి చేప రెక్కలో భుజం ఎముకా, మోచేతి కింది రెండు ఎముకలూ, మణికట్టు వంటి కీలూ ఉన్నాయి. ఆ తరువాతి కాలపు, కాళ్లున్న తొలి జంతువులలో ఒకటైన అకాంథోస్టెగాకు ముందు కాలికి ఎనిమిది వేళ్లున్నాయి. అయిదు వేళ్ల లెక్క ఆ తరువాత స్థిరపడింది.

ఇక గుర్రమూ ఎద్దూ. గుర్రం నిలబడేది మూడవ వేలి మీద. దానికి రెండు పక్కలా సన్నని పుల్లల వంటి ఎముకలు రెండవ, నాలుగవ వేళ్ల శేషాలుగా మిగిలి ఉంటాయి. సుమారు 5.5 కోట్ల ఏళ్ల కిందటి గుర్రపు జాతి జంతువులకు ముందు కాలికి నాలుగు, వెనుక కాలికి మూడు వేళ్లుండేవి. బరువు మూడవ వేలి మీదుగానే దిగేది. ఎద్దు, మేక, జింక, పంది, ఒంటె, నీటి గుర్రాలకు బరువు మూడవ, నాలుగవ వేళ్ల నడుమగా దిగుతుంది. అందుచేత వేళ్లు తగ్గడం ఈ రెండు వంశాలలోనూ వేర్వేరుగా జరిగింది. గాడిద, జీబ్రాలను పక్కన పెడితే గుర్రానికి దగ్గరి బంధువులు ఖడ్గమృగమూ, చిన్న తొండం వంటి ముక్కున్న టేపిర్‌లే. ఎద్దుకు గుర్రం కంటే డాల్ఫిన్ దగ్గరి బంధువు. ఈ మాట ఊరికే అనడం లేదు. అడిగినవారికి ఆధారాలతో చెప్పగలను.

కొత్తపట్నం తీరం

మాస్టారూ, నేను తప్పకుండా అడుగుతాను. మాది వేట మీద బతికే కుటుంబం, నేను డిగ్రీ చదువుతున్నాను. మా పడవ ముందు ఈదే డాల్ఫిన్లను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. వంజరమైనా సొరైనా తోకను అటూ ఇటూ పక్కలకు ఆడిస్తుంది. డాల్ఫిన్ మాత్రం తోకను పైకీ కిందికీ కొడుతుంది. దాని తోక రెక్క నీటికి అడ్డంగా పరుచుకొని ఉంటుంది. అది చేప కాదనీ, పిల్లకు పాలిస్తుందనీ తెలుసు. కాని వెనుక కాళ్లే లేని జంతువుకూ ఎద్దుకూ బంధుత్వాన్ని ఏ ఎముకను చూసి నిర్ణయించారు?

కావలి విశ్రాంత అధ్యాపకుడు

బాబూ, మీరు పడవ మీద నుంచి గమనించినదే మొదటి ఆధారం. చేప వెన్నెముక పక్కలకు వంగుతుంది. బల్లీ మొసలీ నేల మీద నడిచేటప్పుడు కూడా ఆ పక్క ఊపు కనిపిస్తుంది. క్షీరదాల వెన్ను పరుగులో పైకీ కిందికీ వంగుతుంది. అందుకే సముద్రంలోకి తిరిగి వెళ్లిన సరీసృపాలైన ఇక్తియోసార్లకు సొరచేపలాగా నిలువు తోక ఏర్పడితే, క్షీరదమైన డాల్ఫిన్‌కు అడ్డ తోక ఏర్పడింది. సొరకూ ఇక్తియోసార్‌కూ డాల్ఫిన్‌కూ పై ఆకారం ఒకటే, అది నీరు నేర్పినది. తోక ఊపు మాత్రం వంశం నుంచి వచ్చినది.

ఇక కాళ్లు. నేటి డాల్ఫిన్లకు లేకపోయినా పాతకాలపు తిమింగిలాలకు ఉన్నాయి. ఈజిప్టు ఎడారిలో దొరికిన బాసిలోసారస్ 15 మీటర్లకు పైగా పొడవున్న జంతువు. దానికి మోకాలూ చీలమండా వేళ్లూ గల పొట్టి వెనుక కాళ్లున్న సంగతి 1990లో వెల్లడైంది. అంతకంటే పాతవాటిని వెతకగా పాకిస్తాన్‌లో దొరికిన శిలాజాలు 2001లో ఒకే నెలలో రెండు వేర్వేరు బృందాల ద్వారా వెలువడ్డాయి: బలూచిస్తాన్ నుంచి ఆర్టియోసెటస్, రోడోసెటస్, పంజాబు నుంచి పాకిసెటస్. మూడింటికీ చీలమండలో ఆస్ట్రగాలస్ అనే ఎముక చెక్కుచెదరకుండా దొరికింది. ఆ ఎముక మీ ఊరి మాంసం కొట్టులో కూడా దొరుకుతుంది. పొట్టేలు వెనుక కాలి చీలమండను అడిగి తెచ్చుకొని, ఉడికించి, శుభ్రం చేసి చూడండి. కింది కొస ఎలా ఉందో ప్రత్యేకంగా గమనించండి.

ఉదయగిరి రైతుబిడ్డ

మాస్టారి మాట ప్రకారం మా ఇంట్లో కాళ్ల పులుసు వండిన రోజున ఆ ఎముకను వేరు చేసి, నీళ్లలో నానబెట్టి, పాత బ్రష్షుతో తోమి ఎండబెట్టాను. మాది జొడిపి రకం నెల్లూరు పొట్టేలు. ఎముక బొటనవేలి పై కణుపంత ఉంటుంది. ఇటుక ముక్కలాగా నాలుగు పలకలుగా ఉన్నా, పై కొసన రెండు గుండ్రటి గట్లూ వాటి మధ్య లోతైన గాడీ ఉన్నాయి. తలకిందులు చేస్తే కింది కొసన కూడా అదే తీరు: రెండు గట్లు, మధ్య గాడి, పైదానికంటే కొద్దిగా లోతు తక్కువ. వేలితో తడిమితే రెండు కొసలూ బావి గిలక అంచులా నున్నగా ఉన్నాయి. దానిని మళ్లీ కాలి ఎముకల నడుమ పెట్టి ఆడించి చూశాను. ముందుకూ వెనక్కూ హాయిగా తిరుగుతుంది, పక్కలకు ఎంత నెట్టినా కదలదు.

ఆత్మకూరు పశువైద్యురాలు

చక్కగా గమనించారు. మనిషి చీలమండలో ఈ ఎముకకు పైన ఒకే గిలక ఉంటుంది, ముందు కొస బంతిలాగా గుండ్రంగా ఉంటుంది. అందుకే మన పాదం పక్కలకు కూడా తిరుగుతుంది. గుర్రానికి పై గిలక లోతుగా, ఏటవాలుగా ఉంటుంది, కింది కొస దాదాపు చదునుగా ఉంటుంది. పైనా కిందా రెండు గిలకలుండడం చీలిన గిట్టల జంతువుల సొంత గుర్తు. పందిలోనూ ఒంటెలోనూ జింకలోనూ ఇదే కనిపిస్తుంది.

సింగరాయకొండ పాఠకుడు

ఆసక్తికరంగా ఉంది, కాని ఒక అభ్యంతరం చెప్పాలి. తిమింగిలాల పూర్వికులు మెసోనికిడ్‌లనే గిట్టలున్న మాంసాహారులని పాత పుస్తకాలలో చదివాను. తొలి తిమింగిలాల పళ్లూ వాటి పళ్లూ అచ్చంగా పోలి ఉండడమే దానికి ఆధారమని రాశారు. పళ్ల పోలిక మోసం చేయగలిగినప్పుడు చీలమండ పోలిక మాత్రం మోసం చేయదని ఎలా నమ్మాలి? రెండు వంశాలలోనూ పరుగు కోసం రెండు గిలకలు వేర్వేరుగా ఏర్పడి ఉండకూడదా?

కావలి విశ్రాంత అధ్యాపకుడు

ఈ చర్చలో ఇంత మంచి అభ్యంతరం వచ్చినందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది. మెసోనికిడ్ సిద్ధాంతాన్ని 1966లో లీ వాన్ వేలెన్ ప్రతిపాదించాడు. మూడున్నర దశాబ్దాల పాటు శిలాజ శాస్త్రజ్ఞులలో ఎక్కువమంది దానినే అంగీకరించారు. మూడు మొనలున్న త్రికోణపు పళ్లు రెండింటిలోనూ ఉన్న మాట వాస్తవం. అయితే పళ్లు తిండిని అనుసరించి త్వరగా మారే అవయవాలు. చేపను పట్టి చీల్చే ఏ వంశంలోనైనా అటువంటి పన్ను రావచ్చు. పైగా మెసోనికిడ్ల ఆస్ట్రగాలస్‌లో కింది గిలక పొట్టేలులో ఉన్నంత స్పష్టంగా ఏర్పడలేదు. అంటే పళ్లు ఒక వైపూ చీలమండ మరొక వైపూ సాక్ష్యం చెప్పాయి.

ఇటువంటి తగవు ఒక్క ఎముకతో తీరదు; ఎముకతో ఏ సంబంధమూ లేని మూడవ సాక్షి కావాలి. ఆ సాక్షి డీఎన్ఏ. కణాల లోపల కొన్ని చిన్న డీఎన్ఏ ముక్కలు తమ నకళ్లను తామే తయారు చేసుకొని, క్రోమోజోములలో ఎక్కడో ఒకచోట దూరి, తరతరాలకూ అక్కడే ఉండిపోతాయి. రెండు వేర్వేరు వంశాలలో ఒకే ముక్క సరిగ్గా ఒకే చోట విడివిడిగా దూరడం దాదాపు అసంభవం. జపాను శాస్త్రజ్ఞులు 1997లోనూ 1999లోనూ ఈ గుర్తులను వెతికి, తిమింగిలాలకూ నీటి గుర్రానికీ ఉమ్మడిగా, ఆ రెండింటికీ ఆవు, గొర్రె, జింకలకూ ఉమ్మడిగా ఉన్నవి కనుగొన్నారు. పందికీ ఒంటెకూ అవి లేవు. అంటే తిమింగిలాలు చీలిన గిట్టల వంశానికి బయటి చుట్టాలు కావు, ఆ వంశంలోనే ఒక కొమ్మ. ఈ ఫలితం వచ్చినప్పుడు ఎముకల పండితులు చాలామంది ఒప్పుకోలేదు. 2001లో చీలమండలు దొరికిన తరువాత వారిలోనే అనేకులు తమ అభిప్రాయం మార్చుకున్నారు. పరుగు కోసం విడిగా ఏర్పడిందనే మీ ఊహ నిలవకపోవడానికి కారణం ఇదే: ఎముక, డీఎన్ఏ రెండూ ఒకదానికొకటి తెలియకుండానే ఒకే వంశవృక్షాన్ని గీశాయి.

ఈ కథలో మన దేశం వంతు నాకు మరీ ప్రియమైనది. జమ్మూ ప్రాంతంలో రాజౌరీ దగ్గరి కాలకోట్ వద్ద భూగర్భ శాస్త్రజ్ఞుడు ఎ. రంగారావు గారు శిలాజాలున్న రాళ్లను సేకరించి, 1971లో ఇండోహ్యూస్ అనే చిన్న జంతువును వర్ణించారు. ఆయన సేకరించిన రాళ్లలో చాలా భాగం పగలగొట్టకుండానే మిగిలిపోయింది. ఆయన మరణానంతరం వారి సతీమణి ఆ రాళ్లను అమెరికాలో పనిచేసే హాన్స్ థెవిసెన్‌కు అప్పగించారు. వాటిని శుభ్రం చేస్తుండగా ఒక పుర్రెలోని చెవి ఎముక అనుకోకుండా విరిగింది. విరిగిన చోట చెవి గూడు లోపలి గోడ అసాధారణమైన మందంతో కనిపించింది. అప్పటి దాకా ఆ మందం తిమింగిలాలకూ డాల్ఫిన్లకూ మాత్రమే ప్రత్యేకమని భావించేవారు. 2007లో ఆ ఫలితం వెలువడింది. ఇండోహ్యూస్ పిల్లికి కొంచెం అటూ ఇటూగా ఉండే జంతువు. సన్నటి కాళ్లు, రెండు గిలకల చీలమండ, చీలిన గిట్టలు. కాని కాళ్ల ఎముకల పై పొర నీటి గుర్రం ఎముకలలాగా మందంగా ఉండేది. నీటి అడుగున నడిచే జంతువు తేలిపోకుండా ఉండడానికి అటువంటి బరువు ఉపయోగపడుతుంది. చిన్న జింక వంటి ఆ జంతువు అప్పటికే నీటిలో దిగి తిరిగేదన్నమాట. దాని కుటుంబానికి నేడు రావోయెల్లిడే అనే పేరుంది. 

సింగరాయకొండ పాఠకుడు

సంతృప్తికరమైన సమాధానం. చిన్న అనుమానం మిగిలింది. ఇండోహ్యూస్ వయస్సు సుమారు 4.8 కోట్ల ఏళ్లనీ, పాకిసెటస్ దానికంటే కొంచెం పాతదనీ చదివాను. తరువాత పుట్టినది ముందుదానికి పూర్వికుడెలా అవుతుంది?

కావలి విశ్రాంత అధ్యాపకుడు

కాదు. ఇండోహ్యూస్ పాకిసెటస్‌కు తాత కాదు, దాయాది. ఇద్దరికీ ఉమ్మడి పూర్వికుడు అంతకు ముందరివాడు. దాయాది శాఖ పాత పోలికలను నిలుపుకొని ఇంకొంతకాలం బతికింది. శిలాజాలను నిచ్చెన మెట్లలా పేర్చి చూపే బొమ్మల వల్లే ఈ ప్రశ్న అందరికీ వస్తుంది.

కొత్తపట్నం తీరం

మాస్టారూ, ఇంకొక్క మాట. అప్పుడప్పుడు చచ్చిన డాల్ఫిన్లు మా ఒడ్డుకు కొట్టుకొస్తాయి. ఈసారి వస్తే దాని ముందు తెడ్డు కోసి ఎముకలు శుభ్రం చేసి చూడవచ్చునా? తుంటి దగ్గర ఏమైనా మిగిలి ఉంటుందా?

ఆత్మకూరు పశువైద్యురాలు

తమ్ముడూ, దయచేసి కోయవద్దు. డాల్ఫిన్లూ తిమింగిలాలూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. చచ్చినదాని ఎముకను దాచుకోవడం కూడా నేరమే. పైగా కుళ్లిన కళేబరం నుంచి రోగాలు సోకవచ్చు. అటవీ శాఖ వారికి కబురు చేయండి, వారు పశువైద్యులతో శవపరీక్ష చేయించేటప్పుడు అనుమతి అడిగి పక్కన నిలబడి చూడండి. తెడ్డు లోపల భుజం ఎముకా, మోచేతి కింది రెండు ఎముకలూ పొట్టిగా, బల్లపరుపుగా కనిపిస్తాయి. రెండవ, మూడవ వేళ్లలో మాత్రం మన వేళ్ల కంటే ఎక్కువ కణుపులుంటాయి. పొట్ట కోసినప్పుడు జీర్ణాశయాన్ని తప్పక చూడండి. చేపలు తినే జంతువే అయినా అది ఒకే సంచి కాదు, అనేక గదులుగా ఉంటుంది.

కావలి విశ్రాంత అధ్యాపకుడు

అమ్మాయి గారు చెప్పినట్లే చేయండి. తుంటి గురించి మీరు అడిగినదానికి నేను సమాధానం చెబుతాను. తోక మొదలయ్యే చోటికి కొంచెం ముందుగా, పొట్ట కండరాల లోపల, వెన్నెముకకు ఎక్కడా అంటుకోకుండా రెండు సన్నటి ఎముకలుంటాయి. అవే కటి ఎముకల శేషాలు. వెదికే చేయి తొందరపడితే మాంసంతో పాటు వాటినీ కోసి పారేస్తుంది, కనుక శవపరీక్ష చేసేవారికి ముందే గుర్తు చేయండి. అవశేషాలన్నంత మాత్రాన అవి పనికిరానివి కావు. జననాంగాలను కదిలించే కండరాలు వాటికే అంటుకొని ఉంటాయి. అనేక జాతుల తిమింగిలాలనూ డాల్ఫిన్లనూ కొలిచి 2014లో ప్రకటించిన పరిశోధనలో, మగవాటి మధ్య సంతానం కోసం పోటీ ఎక్కువగా ఉండే జాతులలో ఆ ఎముకలు శరీరానికి తగినదానికంటే పెద్దవిగా ఉన్నట్లు తేలింది. డాల్ఫిన్ పిండంలో తొలి వారాలలో వెనుక కాళ్ల మొగ్గలు స్పష్టంగా మొలిచి, తరువాత కుంచించుకుపోతాయి. 2006లో జపానులోని తైజీ దగ్గర పట్టుబడిన ఒక డాల్ఫిన్‌కు ఆ మొగ్గలు కుంచించుకుపోకుండా, తోకకు ముందు రెండు చిన్న రెక్కలుగా ఎదిగి కనిపించాయి.